పడిన మామిడి మాను మొద్దులయ్యే దాకా

ఈదురుగాలికి కూలిన మామిడి చెట్టు నేలకు పూర్తిగా తగలదు. ఒక కొసన మట్టితో సహా పెళ్ళగించుకుని లేచిన వేళ్ళగడ్డ, మరో కొసన విరిగీ విరగని పెద్ద కొమ్మలు, వాటి మధ్య అడుగున్నర ఎత్తున గాలిలో నిలిచిన మాను. గంపలగూడెం మండలంలోనే కాదు, తిరువూరు నుంచి విస్సన్నపేట, ఎ.కొండూరు మీదుగా నూజివీడు దాకా సాగే మామిడి తోటల్లో ఏప్రిల్, మే నెలల్లో ఇది ఏటా కనిపించేదే. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ నున్న మార్కెట్టుకు తరలే రోజులూ గాలిదుమారాల రోజులూ ఒకటే. కాయ బరువు, పురుగు తొలిచిన మొదలు, వానకు మెత్తబడిన నేల కలిసొస్తే నలభై ఏళ్ళ చెట్టు ఒక్క సాయంత్రంలో పడిపోతుంది.

ఇప్పుడు కోయబోయేది అంటు మామిడి కాదు. అంటు చెట్టు తక్కువ ఎత్తులోనే చీలుతుంది, దాని మానులో పొడుగు మొద్దు రాదు. ఇది ఇంటి వెనక దొడ్డిలోని పచ్చడి కాయ నాటు చెట్టు. మాను ఇరవై అడుగులు తిన్నగా పెరిగింది. మొదటి మొద్దు నడిమి చుట్టుకొలత 56 అంగుళాలు, అంటే అడ్డంగా కొలిస్తే సుమారు 18. ఇందులోంచి ఆరడుగుల మొద్దులు మూడు తీయాలి. మిగతాదంతా పొయ్యిలోకి. పనిముట్టు కరెంటు రంపం. ఊళ్ళో దాన్ని రంపం మిషన్ అంటారు. తోట మధ్యలో పడిన చెట్టుకు పెట్రోలు రంపమే దిక్కు. ఇంటి ప్లగ్గుకు వంద అడుగుల లోపు పడిన చెట్టుకు కరెంటు రంపం చాలు.

మొదటి పని రంపంతో కాదు, తల పైకెత్తి చూడటంతో. కొమ్మ ఏదైనా తీగ మీద వాలిందా? సర్వీసు వైరైనా, 11 కేవీ లైనైనా తగిలి ఉంటే చెట్టును ఎవరూ ముట్టుకోరు. 1912కు ఫోన్ చేస్తారు, లైన్‌మన్ వచ్చి ఎల్‌సీ తీసుకుంటాడు. ఎల్‌సీ అంటే సబ్‌స్టేషన్‌లో ఆ లైను ఆపించి, ఆపినట్టు ఖాయం చేసుకోవడం. లైను చచ్చిందని లైన్‌మన్ చెప్పాలి. ఇంట్లో బల్బు వెలగకపోవడం దానికి రుజువు కాదు. ఇక కాగితం సంగతి: 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టాన్ని అందరూ వాల్టా అంటారు. చెట్ల నరికివేతకు అనుమతుల సంగతి అందులో ఉంది. పడిన చెట్టైనా కలప బండి ఎక్కించే ముందు గ్రామ సచివాలయంలో ఒక మాట అడిగి, కూలిన చెట్టును రెండు ఫొటోలు తీసి పెట్టుకుంటే దారిలో చిక్కు ఉండదు.

వాన వెలిసిన మర్నాడు కోత పెట్టరు. నేల ఆరాలి, గడ్డి మీద మంచు కూడా ఆరాలి. అందుకని పని ఏడున్నరకు మొదలై పదకొండుకు ముగుస్తుంది. మే ఎండలో పన్నెండు దాటాక మనిషీ, మోటారూ ఇద్దరూ వేడెక్కి పొరపాట్లు చేస్తారు.

కరెంటు దారి వేయడానికి పావుగంట పడుతుంది. రంపం మోటారు 2,000 వాట్లది. 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల ప్లగ్గే కావాలి. ఫ్యాను, ఫోను ఛార్జరు పెట్టే ఎక్స్‌టెన్షన్ బాక్సు దీనికి పనికిరాదు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది, మూడు తీగలది, 30 మీటర్లు. ఆ పొడుగులో పోయేది 4 వోల్టులు మాత్రమే. అదే ఒక మిల్లీమీటరు వైరు వేస్తే పది వోల్టులకు పైగా దారిలోనే పోతాయి. పోయినదంతా వేడిగా మారుతుంది. వైరును చుట్టగానే ఉంచి వాడితే ఆ వేడి లోపలే నిలిచి పైతొడుగు కరుగుతుంది. అందుకే ఎంత దూరం అవసరమైనా చుట్ట మొత్తం విప్పి నేల మీద పరుస్తారు. 30 మీటర్ల మంచి వైరుకు మూడున్నర, నాలుగు వేలు అవుతుంది. రంపం ధరలో సగానికి పైగా వైరుకేనా అని సణిగేవాళ్ళు ఉంటారు. చవక రంపాలు అయిదారు వేలకే వస్తున్నాయి కాబట్టి ఆ సణుగుడులో నిజం లేకపోలేదు.

బోరు మోటారు స్టార్టరు దగ్గర్నుంచి కరెంటు లాగడం మన పొలాల్లో ఉన్న అలవాటు. మూడు ఫేజుల్లో ఒకటి పట్టుకుని, న్యూట్రల్ బదులు భూమిలో ఇనుప కడ్డీ పాతి పని నడిపిస్తారు. బల్బు వెలుగుతుంది, రంపమూ తిరుగుతుంది. ఆ కడ్డీ చుట్టూ తడినేల మీద అడుగు పెట్టిన మనిషి కాళ్ళ గుండా కూడా కరెంటు దారి వెతుక్కుంటుంది. ఈ పని చేసే మేస్త్రిని పనిలోకి రానివ్వకూడదు, ఎంత నేర్పరి అయినా సరే.

ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని ఆ స్విచ్చి క్షణక్షణం లెక్క చూస్తుంది. 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే, అంటే అంత కరెంటు మనిషి గుండానో తడి గుండానో భూమిలోకి పోతుంటే, కనురెప్ప పాటులో సరఫరా తెంచుతుంది. మామూలు ఫ్యూజుకు గానీ ఎంసీబీకి గానీ ఈ పని చేతకాదు. అవి కాపాడేది వైరును. ఆర్‌సీసీబీ మీద టెస్టు అని చిన్న మీట ఉంటుంది. రంపం పెట్టే ముందు దాన్ని నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రోజుకు పని లేదు.

తర్వాత బట్టలు. లుంగీ, పంచె, మెడలో తువ్వాలు, హవాయి చెప్పులు ఇంటి దగ్గరే ఆగిపోతాయి. బిగుతు ప్యాంటు, మణికట్టు దగ్గర గుండీ పెట్టిన చొక్కా, మడమ దాటిన తోలు బూట్లు, తలకు హెల్మెట్, కళ్ళకు అద్దాలు, చెవులకు మూతలు. అడవి పనివాళ్ళు తొడల మీద కట్టుకునే తొడుగు ఒకటుంది. గొలుసు తగలగానే అందులోని పొడుగాటి పోగులు ఊడి వచ్చి చక్రానికి చుట్టుకుని పెట్రోలు రంపాన్ని నిలబెట్టేస్తాయి. కరెంటు మోటారు నెమ్మదించినా బలం తగ్గదు కాబట్టి దాన్ని ఆ పోగులు ఆపుతాయన్న హామీ లేదు. కట్టుకోవడం మంచిదే, దాన్ని నమ్మి తొడను దగ్గరికి తేవడం మంచిది కాదు.

ఇప్పుడు రంపం ఒడిలోకి వస్తుంది, ప్లగ్గు పెట్టకుండానే. 16 అంగుళాల బ్లేడు, దాని గాడిలో తిరిగే గొలుసు. గొలుసులో గాడిలోకి దిగే కింది ముక్కలు 56, కోసే పళ్ళు 28. మొత్తం పొడుగు మీటరు పైచిలుకు. మీట నొక్కితే అది సెకనుకు 14 మీటర్ల వేగంతో, అంటే బ్లేడు చుట్టూ సెకనుకు 13 సార్లు తిరుగుతుంది. ఒక్కో పంటినీ 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయితో, 30 డిగ్రీల వాలులో, లోపలి నుంచి బయటికి రెండు మూడు తోపులు తోస్తారు. ఆకురాయిని వెనక్కి లాగేటప్పుడు పంటికి తగలనివ్వరు. ఒక వరస పళ్ళు పూర్తయ్యాక రంపాన్ని తిప్పి రెండో వరస. అన్ని పళ్ళకీ అన్నే తోపులు, లేకపోతే కోత ఒకవైపుకు వంకరపోతుంది. పంటి ముందు చిన్న గుబ్బ ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో చెప్పేది అదే. పంటి కంటే 0.65 మిల్లీమీటరు కిందుగా ఉండాలి. తొందరగా కోస్తుందని ఆ గుబ్బను ఎక్కువ అరగదీస్తే పన్ను ఒక్కసారిగా ఎక్కువ కరుచుకుని రంపం ఎగురుతుంది. ఆకురాయి వంద, నూటయాభై రూపాయల వస్తువు. ఈ ఇరవై నిమిషాల ఓపికకే మేస్త్రికి పేరు వస్తుంది. పదును ఉన్నదీ లేనిదీ పొట్టు చెబుతుంది: పదునైన గొలుసు నూకలాంటి పొట్టు రాలుస్తుంది, మొద్దుబారింది పిండి రాలుస్తుంది.

ఈ పంటి వంపు వెనక ఒక పురుగు కథ ఉంది. 1946లో అమెరికాలోని ఆరెగాన్‌లో జోసెఫ్ బుఫోర్డ్ కాక్స్ అనే కలప పనివాడు, మానులో దారి చేసుకుపోతున్న పిల్లపురుగును చూశాడు. దాని దవడలు ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి కొరుకుతూ పచ్చి కర్రనూ ఎండు కర్రనూ ఒకేలా తొలుస్తున్నాయి. అలాంటి వంపు పళ్ళతో అతను చేసిన గొలుసు 1947 నుంచి బజారుకొచ్చింది. నేటి రంపాల గొలుసులన్నీ దాదాపు ఆ పద్ధతివే. ఆ పురుగు పొడుగు మీసాల పెంకుపురుగుల కుటుంబానిది. మన మామిడి మానును లోపల్నించి తొలిచి, కింద పొట్టు పోసే కాండం తొలుచు పురుగు బాటోసెరాదీ అదే కుటుంబం. చెట్టును పడగొట్టినదీ, పడిన చెట్టును కోసే గొలుసుకు రూపమిచ్చినదీ దాయాదులే. ఇంకో మాట, చేత్తో మోసే గొలుసు రంపాల చరిత్రలో కరెంటుది కొత్తగా వచ్చింది కాదు. జర్మనీలో ఆండ్రియాస్ ష్టిల్ 1926లో పేటెంటు పొందినది కరెంటు రంపమే. 64 కిలోలు, ఇద్దరు పట్టాలి. ఇప్పుడు చేతిలో ఉన్నది అయిదు కిలోల లెక్కది.

గొలుసు బిగువు చూడాలి. బ్లేడు నడుమ గొలుసును వేళ్ళతో పైకి లాగితే రెండు మూడు మిల్లీమీటర్లు లేచి, వదలగానే టప్పున కూర్చోవాలి. బ్లేడు కింద వేలాడకూడదు, చేత్తో తిప్పితే పట్టేయకూడదు. నూనె తొట్టి నింపుతారు. గొలుసుకు నూనె చుక్కచుక్కగా అందుతుంది, ఆగకుండా కోస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తొట్టి ఖాళీ. లీటరు మూడు వందలని బైకులోంచి తీసిన కాలిన ఆయిలు పోసేవాళ్ళున్నారు. దానిలోని ఇనుప రజను బ్లేడు గాడిని అరగదీస్తుంది. నూనె అందుతోందా అన్నది తేల్చడానికి, ప్లగ్గు పెట్టాక బ్లేడు ముక్కును ఒక అట్ట ముక్కకు జానెడు దూరంలో చూపి మీట నొక్కుతారు. అట్ట మీద సన్నటి నూనె గీత పడితే చాలు.

చెట్టు దగ్గర అసలు కోతకు ముందు చేతి పని ఉంది. చిన్న రెమ్మల్ని కత్తితో నరికి ఈడ్చేస్తారు. ఆకులు కలిపి గూడు కట్టిన ఎర్ర చీమలు ఉంటే ఆ రెమ్మలు ముందుగా పోవాలి. తిరిగే రంపం పట్టుకున్నవాడి మెడ మీద చీమ కుడితే చెయ్యి ఊరుకోదు. కాయ ముచ్చిక తెగితే సొన చిమ్ముతుంది, అది చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి కాయలన్నీ కోసి పక్కన పెడతారు. దొడ్డి చెట్టుకు ఇంకో పీడ: బట్టల తీగకు కొట్టిన మేకులు, ఊయల గొలుసు చుట్టిన చోట మింగేసిన ఇనుము. బెరడు మీద ఉబ్బు కనబడినా, కోసిన చోట కర్ర నల్లనీలంగా ఉన్నా ఇనుము దగ్గర్లో ఉన్నట్టే. అక్కడికి అరడుగు దూరంలో కోస్తారు. చివరగా జారిపోవడానికి దారి: మేస్త్రి వెనక్కి, పక్కకి మూడు నాలుగు అడుగులు వేసేంత చోటు రెమ్మ లేకుండా ఊడుస్తారు. పిల్లలు, మేకలు, సలహాలిచ్చే పెద్దలు పదిహేను అడుగుల అవతల.

ఇప్పుడు ప్లగ్గు పెడతారు. రంపం వైరునూ ఎక్స్‌టెన్షన్ వైరునూ ఒక ముడి వేసి కలుపుతారు, లాగితే ఊడదు. వైరు మేస్త్రి కుడి భుజం వెనక నుంచి వస్తుంది, కోతకు ఎప్పుడూ వీపు వైపు. కరెంటు రంపంలో మోసం అంతా దాని మౌనంలో ఉంది. పెట్రోలు రంపం ఖాళీగా ఉన్నా గుడగుడలాడుతూ తాను బతికే ఉన్నానని చెబుతుంది. ఇది మీట వదిలితే చప్పుడు లేకుండా పడుంటుంది, వేలు తగిలితే అరక్షణంలో పూర్తి వేగం. అందుకే గొలుసును ముట్టుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ ప్లగ్గు పీకుతారు. "పీకాను బాబాయ్" అని సాయం చేసే కుర్రాడు కేకేస్తే మేస్త్రి ఒప్పుకోడు. "కొస తెచ్చి చూపించురా" అంటాడు. పీకిన ప్లగ్గు కళ్ళబడ్డాకే చెయ్యి గొలుసు మీదికి పోతుంది.

పట్టు ఇలా ఉంటుంది. కుడి చెయ్యి వెనక పిడి మీద, ఎడమ చెయ్యి ముందు పిడి మీద, బొటనవేలు పిడి చుట్టూ తిరిగి వేళ్ళను కలవాలి. ఎడమచేతి వాటం వాళ్ళకూ ఇదే. ఎడమ మోచెయ్యి వంచరు. శరీరం బ్లేడు వరసలో ఉండకుండా ఎడమకు తప్పుకుని నిలబడాలి. ఎందుకంటే బ్లేడు ముక్కు పై పావు భాగం దేనికైనా తగిలితే, గొలుసు కోయడం మాని దాన్ని పట్టుకుని పైకెక్కుతుంది. బ్లేడు మొత్తం విల్లులా లేచి మేస్త్రి ముఖం వైపు వస్తుంది. దీన్ని వెనక్కి తన్నడం అంటారు. మనిషి గుర్తించి కదిలే లోపే ఇది జరిగిపోతుంది. ఆ తన్నుకు ఎడమ మణికట్టు ముందున్న అడ్డురేకుకు తగిలి అది ముందుకు పడితే, గొలుసు సెకనులో పదో వంతు పాటి కాలంలో ఆగుతుంది. అదే బ్రేకు. పనికి ముందు రేకును తోసి చూసి బ్రేకు పడుతోందని తేల్చుకుంటారు. బ్రేకు ఉందని ముక్కుతో పొడిచే మేస్త్రి మాత్రం ఉండడు. రంపాన్ని భుజం ఎత్తు దాటించడు, నిచ్చెన ఎక్కించడు. ఎత్తున ఉన్న కొమ్మకు మోకు కట్టి, చేతి రంపంతో కోసి దించుతారు.

కొమ్మల కోత చివర్ల నుంచి మొదలుకు వస్తుంది. చెట్టును మోస్తున్న కింది కొమ్మల్ని ఇప్పుడు తాకరు. వాటిని కోస్తే మాను దొర్లుతుంది. పైవీ, పక్కవీ తీసేసి 16 అంగుళాల ముక్కలు చేస్తారు. రంపం ముళ్ళను, అంటే బ్లేడు మొదట్లోని ఉక్కు కొక్కేల్ని, కర్రకు ఆనించి, గొలుసు పూర్తి వేగం అందుకున్నాక దించుతారు. బరువు వేయరు. రంపం దానంతటది దిగాలి. దిగట్లేదంటే పదును పోయినట్టు.

ఇక మాను. దుంగ ఎక్కడ ఒత్తుకుంటోందో, ఎక్కడ సాగుతోందో చదవగలిగినవాడే మేస్త్రి. రెండు కొసలా ఆనిక ఉండి నడుమ గాలిలో ఉంటే, పై భాగం ఒత్తిడిలో ఉంటుంది, కింది భాగం లాగుడులో. పైనుంచి పూర్తిగా కోస్తే సగంలో నోరు మూసుకుని బ్లేడును కరుస్తుంది. అందుకని పైనుంచి మూడో వంతు కోసి ఆపి, మిగతాది కింద నుంచి పైకి కోసుకొస్తారు. కింద నుంచి కోసేటప్పుడు గొలుసు రంపాన్ని మేస్త్రి మీదికి తోస్తుంది, పైనుంచి కోసేటప్పుడు కర్రలోకి లాగుతుంది. కాళ్ళు ఆనించే తీరు దాన్నిబట్టి మారుతుంది. ఒక కొసన ఆనిక లేకుండా దుంగ బయటికి చాచి ఉంటే లెక్క తిరగబడుతుంది: బరువెక్కిన కావడి బద్దలాగా పైన సాగుతుంది, కింద నలుగుతుంది. కింద నుంచి మూడో వంతు ముందు, పైనుంచి మిగతాది తర్వాత. ఇది గమనించక పైనుంచే కోస్తే సగంలో దుంగ నిలువునా చీలి, చీలిక కొస మీదికి ఎగురుతుంది.

మన మాను అడ్డం 18 అంగుళాలు, బ్లేడు 16. ఒకవైపు నుంచి అందదు. ఇటు నుంచి కోసి, ప్లగ్గు పెట్టి ఉన్న రంపంతో మాను ఎక్కి దాటకుండా, చుట్టూ నడిచి వెళ్ళి అటు నుంచి కలుపుతారు. నడిచేటప్పుడు వేలు మీట మీద ఉండదు, బ్రేకు వేసి ఉంటుంది. కోత సగం దాటాక సందులో కర్ర మేకు దిగగొడితే నోరు మూసుకోదు. ఇనుప మేకు వాడరు, గొలుసు తగిలితే రెండూ పోతాయి. నేలకు ఆని ఉన్న చోటైతే ముప్పావు వంతు కోసి ఆపి, గునపంతో దొర్లించి మిగతాది పైనుంచే కోస్తారు. మట్టిని ఒక్క క్షణం తాకినా ఇరవై నిమిషాల పదును పోతుంది. ఒక్కో కోతకు నిమిషం, నిమిషమున్నర. రెండు మూడు కోతలకొకసారి మోటారు మీద చెయ్యి పెట్టి చూస్తారు. చెయ్యి ఆనలేకపోతే పది నిమిషాలు విరామం. వేడికి గొలుసు సాగుతుంది కాబట్టి అప్పుడే ప్లగ్గు పీకి బిగువు సరిచేస్తారు. దుంగ వాలు నేల మీద ఉంటే మేస్త్రి ఎప్పుడూ ఎగువనే నిలబడతాడు.

చివరి కోత వేళ్ళగడ్డ దగ్గరిది. ప్రాణాలు తీసేది ఇదే. వేళ్ళతో లేచిన మట్టిగడ్డ ఇంతసేపూ మాను బరువుకు ఒరిగి ఉంది. మాను తెగగానే ఆ బరువు పోయి, గడ్డ మోడుతో సహా తిరిగి గోతిలోకి దభీమని కూర్చోవచ్చు, లేదా ఇటువైపే దొర్లవచ్చు. అందుకే గోతి దగ్గర ఎవరూ లేరని కళ్ళారా చూస్తారు. నీడగా ఉందని పిల్లలు దిగేది అక్కడికే. గడ్డ వెనకా ముందూ మోకులు కట్టి పక్క చెట్లకు బిగిస్తారు, రెండడుగుల మోడు గడ్డకే వదిలి కోస్తారు. కోత పూర్తవుతుండగానే రంపంతో సహా పక్కకు తప్పుకుంటారు.

మూడు మొద్దులు వచ్చాయి. కలప లెక్క పాత పద్ధతిదే: నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, అడుగుల పొడుగుతో గుణించి, 144తో భాగిస్తారు. 56 అంగుళాల మొద్దుకు 14, దాని వర్గం 196, ఆరడుగులకు 8.17 ఘనపుటడుగులు. 52 అంగుళాల రెండోదానికి 7.04, 48 అంగుళాల మూడోదానికి సరిగ్గా 6. మొత్తం 21. ఈ లెక్కలో బెరడు, పేళ్ళ కింద ఐదో వంతు పైగా కొనేవాడికి మిగులుతుందని అమ్మేవాళ్ళు గుర్తుంచుకోవాలి. పెద్ద మొద్దు పచ్చిగా పావు టన్ను పైమాటే, దాన్ని ఎత్తరు, గునపాలతో దొర్లించి వాలు చెక్కల మీద ట్రాక్టరు ఎక్కిస్తారు. మామిడి కలప నిల్వ ఆగదు. బూజు మచ్చలు, పురుగు త్వరగా పడతాయి, కాబట్టి రెండు మూడు వారాల్లో కోత మిల్లుకు చేర్చాలి.

రంపం కప్పు విప్పి పొట్టు బ్రష్షుతో దులిపి, గొలుసు బిగువు కాస్త వదులు చేస్తారు. వేడి మీద బిగించిన గొలుసు చల్లారితే కుంచించుకుని మోటారు ఇరుసును లాగుతుంది. వైరంతా చేత్తో తడుముతూ చుడతారు, గాటు తగిలితే ఆ వైరు పక్కకు. ఉదయం మొత్తంలో రంపం నిజంగా తిరిగింది నలభై నిమిషాలు. యూనిటున్నర లోపు కరెంటు, ఆరు రూపాయల శ్లాబులో తొమ్మిది రూపాయలు దాటదు. గొలుసు మార్చాల్సి వస్తే అయిదు వందల నుంచి వెయ్యి.

ఇంటికి కరెంటు రంపం తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ముందు మెయిన్ బోర్డు తెరిచి చూడండి. టెస్టు మీట ఉన్న స్విచ్చి కనబడకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి, రెండు వేల లోపు పని. రంపం ఆ తర్వాత కొనవచ్చు. కోసేటప్పుడు ఒంటరిగా ఉండకండి. ఫోను 108 కలిపేలా పక్కవాడి జేబులో ఉండాలి, ప్లగ్గు ఎక్కడుందో వాడికి తెలిసి ఉండాలి.